దాల్చిన చెక్కకు ట్రయల్ మడి

కెంచనగుడ్డకు ఇవతల, కాలువ పక్కనున్న వలస రైతుల క్యాంపులో పెదబాబు అంటే అనుమానానికి ఇంకో పేరు. పాలవాడు పాలలో నీళ్లు కలుపుతాడని అందరికీ అనుమానమే. పెదబాబు మాత్రం ఆ నీళ్లలో ఇంకేం కలుపుతున్నాడో అని అనుమానపడేవాడు. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపించినా నమ్మక, బండి దిగి వంగి మళ్లీ చూసుకునేవాడు. ఎవరైనా పెళ్లికి పిలవడానికి ఇంటిదాకా వస్తే, ఫోను చేస్తే సరిపోయేదానికి ఇంత దూరం ఎందుకొచ్చారా అని రెండు రోజులు ఆలోచించేవాడు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఆయన దగ్గరకు వచ్చిపోయే రకం కాదు, ఇంట్లో మనిషిలాగా వెంటే తిరిగేది.

ఆ గుణం ఊరికే రాలేదు లెండి. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన కొత్తల్లో వాళ్ల నాన్న గుడివాడ వైపు ఉన్న కాస్త మాగాణీ అమ్ముకుని ఈ సిరుగుప్ప తాలూకాకు వచ్చాడు. అమ్మేవాడు చూపించిన నేల ఒకటి, రిజిస్ట్రీ అయిన నేల ఇంకొకటి. చూపించింది నల్లరేగడి, చేతికొచ్చింది చవుడు. ఆ చవుడును వరి మడిగా మార్చేసరికి తండ్రి నడుము వంగిపోయింది. క్యాంపులోనే పుట్టి, కన్నడ బడిలో చదివి, ఆ మడిలోనే పెరిగిన పెదబాబుకు తండ్రి ఆస్తితో పాటు తండ్రి అనుభవం కూడా వచ్చింది. మాట మాత్రం గుడివాడది రాలేదు, సిరుగుప్పది వచ్చింది.

దాని మీద ఇంకో దెబ్బ తగిలింది. ఆయన భార్య సరోజినీదేవి తమ్ముడు హరిబాబుకు సిరుగుప్పలో ఎరువుల అంగడి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీవాళ్లు ఏదో కొత్త గుళికల మందు తెచ్చి, హరిబాబు మాట మీద పెదబాబు పొలంలో ట్రయల్ మడి పెట్టారు. ఒక మడికి మందు వేస్తారు, పక్క మడిని ఉత్తదే వదిలేస్తారు. రెండింటికీ నీరు, ఎరువు, విత్తనం అన్నీ సమానం. ఏది బాగా పెరిగితే దాన్నిబట్టి మందు గుణం తెలుస్తుంది. మందు వేసిన మడి నల్లగా నిగనిగలాడింది. రైతులంతా వచ్చి చూసి నోరెళ్లబెట్టారు. పెదబాబు ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని దుబ్బుల మధ్య చేయి పెట్టి వెతికాడు. ఇంకా కరగని నాలుగు యూరియా పలుకులు వేళ్లకు తగిలాయి. మందుది కాదు ఆ నిగనిగ, దొంగతనంగా చల్లిన యూరియాది. కంపెనీ మనిషి చేసిన పని హరిబాబుకు తెలియదు. తెలియదని అతను ప్రమాణం చేసి చెప్పాడు. అయినా బావ దృష్టిలో అతను ఆనాడు దిగజారినవాడు మళ్లీ పైకి లేవలేదు.

మధ్యలో నలిగింది సరోజినీదేవి. తమ్ముడు వచ్చి కాఫీ తాగి వెళ్లేదాకా ఆమెకు ఊపిరి సరిగా ఆడేది కాదు. మొగుడు ఏ మాట అంటాడో, తమ్ముడు ఏ మాటకు ముఖం మాడ్చుకుంటాడో అని వంటింటి గుమ్మంలోనే నిలబడేది. ఒక్కగానొక్క కూతురు హొసపేటలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే, ఇద్దరికీ చక్కెర జబ్బే. ఇద్దరికీ డాక్టరు రాసింది ఒకటే మాత్ర. సరోజినీదేవి అక్క ఈ జబ్బుతోనే పోయింది. అందుకే హరిబాబుకు ఈ అక్క విషయంలో భయం ఎక్కువ. ఆమె కూడా పోతే తనకు తోబుట్టువంటూ మిగలదు.

ఆ భయంతోనే అతను నాట్ల రోజుల్లో ఒక డబ్బా పట్టుకొచ్చాడు. దాల్చిన చెక్క పొడి. పొద్దున పరగడుపున అర చెమ్చా గోరువెచ్చటి నీళ్లలో కలుపుకుని తాగితే షుగర్ దిగుతుందని, రక్తంలో కొవ్వు కూడా కరుగుతుందని ఫోనులో చూశాడట, అంగడికి వచ్చే ఇద్దరు ముగ్గురు తాగుతున్నారట. మాత్రలు మాత్రం మానొద్దని అక్కకు గట్టిగా చెప్పాడు.

పెదబాబు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. కంపెనీ పేరు లేదు.

"ఎంతకిస్తాండావు?" అని అడిగాడు.

"ఊరికేనే బావా. అక్కకు కదా."

ఊరికే అన్న మాట వింటే పెదబాబుకు ఒళ్లు జలదరిస్తుంది. లోకంలో ఊరికే వచ్చినదేదీ చివరికి ఊరికే పోలేదని ఆయన నమ్మకం. ఈరోజు ఊరికే ఇచ్చి, అక్క చేత బాగుందనిపించి, రేపు క్యాంపు క్యాంపంతా అమ్ముకునే ఎత్తు అనుకున్నాడు. వద్దనడానికి నోరు తెరిచేలోగా సరోజినీదేవి ముఖం చూశాడు. ఆమె డబ్బాను అప్పటికే చేతిలోకి తీసుకుంది.

"సరే, ట్రయల్ పెడదాం," అన్నాడు పెదబాబు. "ఆమెది చెక్క మడి, నాది ఉత్త మడి. తిండి ఒకటే, మాత్ర ఒకటే. దిగిందంటే ఒప్పుకుంటా. దిగలేదంటే నువ్వు ఈ డబ్బా నా ఇంటికి మళ్లా తేకూడదు."

హరిబాబు నవ్వి సరేనన్నాడు. బావ తనతో పందెమైనా కాసింది ఎన్నేళ్లకో. సరోజినీదేవికి మాత్రం నవ్వు రాలేదు. ఈ పందెంలో తన షుగర్ దిగితే తమ్ముడు ఈ ఇంట్లో మళ్లీ మనిషవుతాడు, దిగకపోతే ఉన్న కాస్త గుమ్మం కూడా మూసుకుపోతుంది. అంత బరువు తన ఒంటి మీద పెట్టారని ఆ ఇద్దరు మగవాళ్లకూ తోచలేదు.

ట్రయల్ అంటే పెదబాబుకు ఆషామాషీ కాదు. సిరుగుప్పకు పోయి షుగర్ మిషన్ కొత్తది కొన్నాడు. పాతది తప్పు చూపిస్తుందేమోనని కొత్తది, కొత్తదాని మీద కూడా నమ్మకం లేక పక్కన పాతది. ల్యాబుకు వెళ్లి ఇద్దరికీ రక్తం ఇప్పించాడు. అక్కడి అమ్మాయి, వయసైనవాళ్లు కదా, కిడ్నీ టెస్టు కూడా కలిపి చేయించుకోండి, ప్యాకేజీలో వస్తుంది అంది. ప్యాకేజీ అన్న మాట వినగానే పెదబాబు చెవులు నిక్కబొడుచుకున్నాయి. అడిగింది ఇవ్వకుండా అడగనిది అంటగట్టే బేరం ఆయనకు కొత్తా? షుగరు, కొవ్వు చాలు, మిగతావి వద్దన్నాడు. ఆ అమ్మాయి రెండోసారి కూడా చెప్పింది. ఆయన రెండోసారి కూడా వద్దన్నాడు.

మొదట్లో రెండు మడులూ ఒకటిగానే నడిచాయి. వరి దుబ్బు కట్టే వేళకు చెక్క మడి షుగర్ దిగడం మొదలుపెట్టింది. పెదబాబుది ఎక్కడిదక్కడే ఉంది. ప్రతి పొద్దూ ఆమె వేలు పట్టుకుని సూది గుచ్చి, చుక్క తీసి, మిషన్ చూసి ఆయన ముఖం చిట్లించేవాడు. హరిబాబుకు ఫోను పోయేది. హరిబాబు అంగడిలో కూర్చుని అందరికీ చెప్పేవాడు. క్యాంపులో చెక్క నీళ్లు తాగని ఇల్లు లేకుండా పోయింది. పక్క పొలం రైతు గాదిలింగప్ప కూడా ఒక పొట్లం పట్టుకొచ్చి, నిజమేనా సావుకారే, ఎష్టు దిగింది అని తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు. పెదబాబు అప్పటికే యూరియా చల్లిందెవరా అన్న ఆలోచనలో ఉన్నాడు.

మొదట పొడి మీద అనుమానం పడింది. ఇట్లాంటి పొడుల్లో షుగర్ మాత్రలు నూరి కలిపి అమ్మే మోసగాళ్లు ఉంటారని ఆయన విన్నాడు. హరిబాబు కలపకపోయినా, హరిబాబుకు ఇచ్చినవాడు కలిపి ఉండొచ్చు. అందుకని సిరుగుప్ప సంతలో తానే చెక్క ఏరి కొని, తానే దంచి, భార్యకు తెలియకుండా డబ్బాలో పొడి మార్చేశాడు. అయినా షుగర్ దిగుతూనే ఉంది. అప్పుడు అనుమానం భార్య మీదికి మళ్లింది. తమ్ముణ్ని గెలిపించడానికి మాత్ర ఒకటికి రెండు మింగుతోందేమో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పెదబాబు పట్టాలని చూశాడు. మాత్రల పట్టీలు తన పెట్టెలో పెట్టి తాళం వేసి, ఏ పూటకాపూట తానే చేతికివ్వసాగాడు. అయినా దిగుతోంది. చివరికి చెక్కే ఆపించాడు. డబ్బా అటక మీద పెట్టించాడు. చెక్క ఆపినా దిగుతోంది.

ఇక్కడ ఇంకొకరైతే భయపడేవారు. పెదబాబుకు కోపమొచ్చింది. తన మీద ఎవరో గెలుస్తున్నారు, ఎట్లా గెలుస్తున్నారో తెలియడం లేదు, అదీ ఆయన బాధ. ల్యాబులో మళ్లీ రక్తం ఇప్పిస్తే కొవ్వు కూడా తగ్గిందని వచ్చింది. హరిబాబు స్వీటు తెచ్చి, ఎవరూ తినలేని ఇంట్లో పెట్టి వెళ్లాడు. సరోజినీదేవి మనిషి కూడా చిక్కింది. క్యాంపులో ఆడవాళ్లు ఆమె చీర కుచ్చిళ్లు ఎక్కువయ్యాయని మెచ్చుకున్నారు.

కోతలు ఇంకో మూడు రోజులున్నాయనగా దొంగ దొరికింది. పొద్దున బర్రెకు కుడితి పెట్టబోతే తొట్టిలో అన్నం, పప్పు, వంకాయ కూర తేలుతున్నాయి. రాత్రి ఆమె పళ్లెంలో పెట్టుకున్నవే అవి. పెదబాబుకు గుండెలో ఏదో తేలికైంది. యూరియా కనబడింది. తిండి మానేసి షుగర్ దింపుతోందన్నమాట.

ఆయన వంటింట్లోకి పోయి, తొట్టిలో చూసిందంతా చెప్పి, మీ అక్కాతమ్ముళ్లు కలిసి నన్ను ఎన్నాళ్లు మోసం చేయాలనుకున్నారని అడిగాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. అట్లా కాదండీ అని ఒక్క మాట అంది. ఎట్లో చెప్పబోయింది గానీ ఆయన వినలేదు. ట్రయల్ కొట్టేశానని హరిబాబుకు ఫోను చేసి చెప్పి, నాలుగు మాటలు కూడా కలిపి, బండి తీసుకుని పొలానికి పోయాడు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ మాత్ర మాత్రం తాళం తీసి చేతికిచ్చేవాడు.

నాలుగో రోజు కోత మిషన్ మడిలో ఉండగా సరోజినీదేవి టీ కేను పట్టుకుని గట్టు మీద నడిచి వచ్చింది. దగ్గరికి వచ్చాక కూర్చుంది. కూర్చున్నది కాస్తా ఒరిగింది. జాకెట్ తడిసిపోయేలా చెమటలు పట్టాయి, ఎండ ఇంకా ఎక్కలేదు. పెదబాబు పరుగెత్తుకొచ్చి పేరు పెట్టి పిలిస్తే ఆయన్ని తెలియనివాణ్ని చూసినట్టు చూసింది. గాదిలింగప్ప తన అన్నం బుత్తిలోంచి బెల్లం ముక్క తీసి నలిపి ఆమె చిగుళ్ల మీద పెట్టాడు. కాసేపటికి ఆమెకు మనుషులు తెలిశారు.

ఆమె కాళ్లు రుద్దడానికి ఒడిలోకి తీసుకుంటూ వాటిని అప్పుడు చూశాడు పెదబాబు. వేళ్లు ఉబ్బి, మెట్టెలు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి. ఆ చుట్టూ చర్మం కందిపోయింది. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది, పడిన గుంట లేవలేదు.

దోమపోటు తగిలిన మడి దూరం నుంచి చూస్తే పండిన మడిలాగే పసుపు పచ్చగా ఉంటుంది. తెలియనివాడు గట్టు మీద నిలబడి పంటొచ్చిందని సంతోషపడతాడు. దిగి దుబ్బు పట్టుకుంటే చేతికి వచ్చేది ఎండిన గడ్డి. పెదబాబు ఆ తేడా గట్టు మీద నుంచే చెప్పగలిగినవాడు. ఇప్పుడు తన ఇంట్లో అదే జరిగిందని ఆయనకు అర్థమైంది.

ఆ పూటే బళ్లారి తీసుకుపోయారు. కారు హరిబాబే తెచ్చాడు, నడిపింది అతనే. దారిలో ఎవరూ మాట్లాడలేదు. గాంధీనగర్‌లో డాక్టరు మంజుశ్రీ అనే ఆమె దగ్గర చూపించారు. ఆమె ముందు రక్తం, మూత్రం తీయించి, సాయంత్రం రిపోర్టులు ముందేసుకుని పిలిచింది. కిడ్నీలు చాలావరకు చెడిపోయాయని చెప్పింది. కిడ్నీ పని తగ్గితే మాత్ర మందు ఒంట్లోనే నిలిచిపోతుంది, దానికి తోడు తిండి లేదు, అందుకే షుగర్ దిగుతూ వచ్చింది, ఈరోజు ప్రాణం మీదికి తెచ్చేంత దిగింది అంది. ఇప్పటికిప్పుడు డయాలసిస్ అక్కర్లేదు గానీ అది దూరంగా కూడా లేదు, కొద్ది నెలల ముందే తెలిసి ఉంటే చాలా కాపాడుకునేవాళ్లం అంది.

"కిడ్నీకి క్రియాటినిన్ టెస్టు ఎప్పుడు చేయించినారు?" అని అడిగింది.

ల్యాబు అమ్మాయి రెండుసార్లు అడిగిన మాట పెదబాబుకు గుర్తొచ్చింది. ఈ గదిలో ఆ సంగతి తెలిసింది ఆయనకు, భార్యకు మాత్రమే. ఆమె తల వంచుకుని ఉంది, చెప్పేట్టు లేదు.

తలుపు దగ్గర నిలబడిన హరిబాబు ఉండబట్టలేక, నేనిచ్చిన చెక్క వల్లనే అయిందా డాక్టరమ్మా అన్నాడు. సంతల్లో దొరికే చెక్క ఎక్కువ తింటే కాలేయానికి మంచిది కాదు, షుగర్‌కూ కొవ్వుకూ కొంచెం గుణమిస్తుందని కొన్ని పరిశోధనలు, ఏమీ ఇవ్వదని కొన్ని చెబుతున్నాయి, ఇచ్చినా ఇంతగా దింపే శక్తి దానికి లేదు, ఈ కిడ్నీలు చెడింది అర చెమ్చా పొడితో కాదు, ఏళ్ల తరబడి చెడుతూ వచ్చాయి అని ఆమె ఓపికగా చెప్పింది. హరిబాబు నమ్మినట్టు లేదు. సరోజినీదేవి తల ఎత్తి మొగుడి వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది జబ్బు భయం కాదు. ఇన్నేళ్లుగా కాచుకుని ఉన్న మనిషికి ఈరోజు తన తమ్ముడు దొరికిపోయాడన్న భయం.

అది చూసి పెదబాబుకు సిగ్గేసింది. చావు పక్కన కూర్చుని కూడా ఆమె మొగుడి నోటికే భయపడుతోంది.

"చెక్క కాదు హరీ," అన్నాడు. "కిడ్నీ టెస్టు చేయిస్తామని ల్యాబులో అడిగితే నేనే వద్దన్నా. దుడ్లు గుంజడానికి అంటాండారనుకున్నా. రెండుసార్లు వద్దన్నా."

హరిబాబు లోపలికి వచ్చి అక్క కుర్చీ వెనక నిలబడ్డాడు.

డాక్టరు కలం తీసుకుంది. తిండి సరిగా తిననిది, కాళ్లు వాచింది ఎప్పటినుంచో తెలిస్తే మందు అందుకు తగ్గట్టు రాస్తానంది. సరోజినీదేవి, ఈమధ్యనే, నాలుగు దినాలైంది అంది. మొగుడి మర్యాద నిలపడానికి చెప్పిన అబద్ధమని పెదబాబుకు వెంటనే తెలిసింది. జీవితమంతా అబద్ధాలు పట్టినవాడు ఆయన, ఈ ఒక్కటి పట్టకుండా వదిలేస్తే తన పరువు నిలుస్తుంది. కానీ మందు ఆ మాట మీదే రాస్తారు.

"నిజం చెప్పు సరోజా," అన్నాడు. "నాకు తెలీదు. నీకే తెలియాల."

"నాట్లప్పటి నుంచి," అంది ఆమె. "తింటే వాంతికొస్తాండె."

అంటే ట్రయల్ మొదలైనప్పటి నుంచి. నాట్ల నుంచి కోతల దాకా. ప్రతి పొద్దూ ఆమె ఎదురుగా కూర్చున్నాడు, ప్రతి రాత్రీ ఒకే వంట తిన్నామనుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

సరోజినీదేవి మొదట డాక్టరు వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. కోపం లేకుండానే చెప్పింది.

"దినామూ నా వేలు గుచ్చి షుగర్ ఎంత ఉండాదో చూసినారు. నేనెట్లుండానో అడగలే."

పెదబాబుకు ఈ మాట ఎవరి మీదికీ తోయడానికి లేదు, ఇందులో ఎవరూ ఏమీ కలపలేదు. కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎప్పుడైనా అడిగానా అని వెతుక్కుంటే ఒక్కసారీ తగల్లేదు.

"ఎట్లుండావు సరోజా?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.